వంటింటి గోడ మీద నాపరాళ్లు

ముందు రొద వినిపించింది. రాయిని కోసే రంపపు రొద, ఉదయం ఏడింటికి, మాచర్లలోని ఆ వంటింట్లో. పప్పు ఎనుపుతున్న హనుమాయమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. గోడకు బిగించిన పాత టీవీ ఇంకా నల్లగానే ఉంది.

"కంగారుపడబాకమ్మా. బొమ్మ కంటే ముందు చప్పుడొస్తది," అంది కూతురు యమున, స్క్రూడ్రైవర్ జడలో దోపుకుంటూ.

నల్లటి తెర నాలుగు గళ్లుగా వెలిగింది. ఊరి చివర తమ నాపరాళ్ల ఫ్యాక్టరీ: గేటు, కోత మిషను, నీటి తొట్టి, నిలబెట్టిన పలకల వరస. ఆ వరస ముందు పుల్లయ్య తలపాగా. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో భర్త పని చేస్తుండగా చూడటం ఆమెకదే మొదలు.

అక్కడి కెమెరాలు దొంగల భయంతో పెట్టించినవి. ఫోనులో తెరిచి చూడాలంటే హనుమాయమ్మకు చేతకాదు. అందుకే యమున టీవీ వెనక సబ్బుబిళ్లంత కంప్యూటర్ బోర్డును అతికించి, ప్లగ్గు పెడితే చాలు, దానంతటదే అన్నీ చూపేలా పది రోజులు కుస్తీ పట్టింది. పక్కన ఎర్ర బటను నొక్కి మాట్లాడితే ఫ్యాక్టరీ స్పీకర్లో పలుకుతుంది.

పోయిన నెల, కూలీలు రాని ఒక ఆదివారం, పలక జారి పుల్లయ్య కాలి మీద పడింది. గంటసేపు ఒంటరిగా పడి ఉన్నాడు. ఇంట్లో హనుమాయమ్మ, ఆయన టీ కొట్టు దగ్గర కబుర్లలో పడ్డాడనుకొని విసుక్కుంటూ కూర్చుంది. ఆ విసుగు ఇప్పటికీ ఆమెను గుచ్చుతూనే ఉంది.

ఎనిమిదింటికి చద్దన్నానికి వచ్చిన పుల్లయ్య గుమ్మంలోనే ఆగాడు.

"ఏందే ఇది? కెమెరాలు దొంగల కోసం పెట్టించా. నేను దొంగనా?"

"నీ మీద కాపలా కాదు నాన్నా, నీ కోసం."

"మీ అమ్మ ఇక్కడ కూర్చొని నా బీడీలు లెక్కపెడుద్దా? కూలోళ్లు నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. ఆ రోజు గంటసేపు నువ్వట్టా పడుంటే మాకు తెలవలా," అంది యమున.

"పడింది కాలి మీదేగా," అంటూ ఆయన ప్లగ్గు పీకేసి, తినకుండానే బండెక్కాడు.

యమున కళ్లు తుడుచుకుంటూ గదిలోకి వెళ్లింది. హనుమాయమ్మ కాసేపు ఆ ప్లగ్గు వంక చూసి, తడి చేతులు తుడుచుకొని, తానే పెట్టింది. మళ్లీ ముందు రొద, తరవాత బొమ్మ.

నాలుగో గడిలో పుల్లయ్య పలకల వరసకు వీపు చేసి కూర్చొని బీడీ వెలిగిస్తున్నాడు. ఆయన వెనక, పలకలను పట్టి నిలిపిన ఇనుపచట్రం మెల్లగా ముందుకు ఒరుగుతోంది.

ఆమె ఎర్ర బటను నొక్కింది. "ఏమయ్యా, ఇదిగో, నిన్నే. లెగు!"

నలుగురు కూలీలు ఒక్కసారే తలెత్తారు. ఎవరింట్లో వాళ్లు రోజూ వినే పిలుపే అది. పుల్లయ్య ఒక్కడే కదల్లేదు. ప్లగ్గు పీకి వచ్చానన్న ధీమాతో, స్పీకరు గరగరలో గొంతు పోల్చుకోలేక, ఎవరి ఇల్లాలో ఎవర్నో పిలుస్తోందనుకొని పొగ వదిలాడు.

ఆయన పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఓటరు కార్డు రాసుకునేవాళ్లు అడిగినా పక్కింటామె చేత చెప్పించిన పేరది. పెదవి దాటలేదు. "దావూదూ, ఆయన వెనక చూడు," అని అరిచింది.

మిషను దగ్గరి కూలీ దావూద్ చూశాడు, దూకాడు, పుల్లయ్య చెయ్యి పట్టి లాగాడు. పలకలు పెళపెళ కూలాయి. తెరంతా తెల్లటి దుమ్ము. దుమ్ములోంచి ముందు దగ్గు వినిపించింది, ఆయన దగ్గే. తరవాత ఆయన కనిపించాడు, ఆరిన బీడీతో. హనుమాయమ్మ పీట మీద కూలబడి, నవ్వూ ఏడుపూ ఒకేసారి కొంగులో దాచుకుంది.

మధ్యాహ్నం పుల్లయ్య వచ్చి అన్నానికి కూర్చున్నాడు. నాలుగు ముద్దలయ్యాక తెర వంక చూశాడు.

"ఆ నాలుగో గడి కాస్త పెద్దది చెయ్యొచ్చా అమ్మాయ్?"

"చేస్తా నాన్నా," అంది యమున, ముక్కు ఎగబీల్చి.

"మీ అమ్మ పిలిస్తే మొగుళ్లంతా తిరిగారు, నేను తప్ప. ఇంకోసారి అట్టా పిలిస్తే దావూదు నాకంటే ముందొచ్చి పీటేసుకుంటాడు. పేరెట్టి పిలవమను."

"చాల్లే, వినేవాళ్లుంటే నవ్విపోతారు," అంది హనుమాయమ్మ, మజ్జిగ పోస్తూ.

మర్నాడు ఏడింటికి రొద వినిపించింది, బొమ్మ వెలిగింది. పుల్లయ్య పలకలకు దూరంగా, సరిగ్గా కెమెరా కిందే నిలబడి, తల పైకెత్తి, చెవికి చెయ్యి ఆనించి ఎదురుచూస్తున్నాడు. వెనక కూలీలు నవ్వుతున్నారు. ఆయన పట్టించుకోలేదు.

యమున అటు తిరిగి ఉల్లిపాయలు తరగసాగింది. హనుమాయమ్మ ఎర్ర బటను మీద వేలుంచి, గొంతు సవరించుకుంది.

"పుల్లయ్య గారూ."