దించేసిన డ్రోన్

కెప్టెన్‌కి డ్రోన్లంటే ఒళ్ళుమంట. ఇరవయ్యేళ్ళుగా అంబులెన్స్ హెలికాప్టర్ నడుపుతున్న మనిషి. "గుద్దుకుంటే పోయేది మన ప్రాణం. వాళ్ళకేం, బొమ్మ పోతే ఇంకోటి కొనుక్కుంటారు" అని కనిపించినవాళ్ళందరి దగ్గరా చిందులేసేవాడు. డ్రోన్ కిందికి దించేశామని రేడియోలో చెప్పేదాకా ఇంజన్ స్టార్ట్ చేసేవాడే కాదు.

ఆ సాయంత్రం కొండచరియ విరిగిపడ్డ చోట, మట్టికింద కొనఊపిరితో ఉన్న ఏడేళ్ళ పాపని కనిపెట్టింది డ్రోనే. అయినా ఆయన మెచ్చుకుంటేనా! దాన్ని ఎగరేసే అమ్మాయిని రేడియోలోనే కసిరాడు.

"ముందు నీ బొమ్మ దించు."

"దించేశాను సర్. బ్యాటరీ కూడా తీసేశాను."

పాపని మట్టిలోంచి తీసి స్ట్రెచర్ మీద ఎక్కించారు. తోడు ఒక నర్సు. ఆస్పత్రి ఇరవై నిమిషాల దూరం.

పైకి లేచిన కాసేపటికే పొగమంచు కమ్మేసింది. కెప్టెన్ కిటికీ అవతల ఎర్రటి దీపం. చిన్నది. వాళ్ళతోపాటే వస్తోంది. ఆయన ఎడమకి తిప్పాడు. అదీ తిరిగింది.

కెప్టెన్ రేడియో అందుకున్నాడు. అది రెక్కకి తగిలిందా, ముగ్గురి పనీ అయిపోయినట్టే.

"దించమన్నానా లేదా!"

"సర్... అది నా ముందే ఉంది. పెట్టెలో. కానీ స్క్రీన్ మీద వీడియో వస్తోంది. మీరు కనిపిస్తున్నారు... వెనక సిస్టర్ వంగి ఉన్నారు. స్ట్రెచర్ ఖాళీ సర్... పాప మీ పక్క సీట్లో కూర్చుంది."

ఆయన చూశాడు. సీట్లో ఎవరూ లేరు. తడిమట్టి వాసన గుప్పుమంది.

వెనకనుంచి నర్సు కేక. "కెప్టెన్, పాప నాడి అందడం లేదు!"

ఆస్పత్రికి ఇంకా పది నిమిషాలు.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, స్క్రీన్ ఆపెయ్యకు. పాపేం చేస్తోందో చెబుతూ ఉండు." డ్రోన్‌ని ఉండనిమ్మని బతిమాలడం ఆయన జన్మలో అదే మొదటిసారి.

"తలుపు వైపు చూస్తోంది సర్..."

ఆయన ఖాళీ సీటు వైపు వంగాడు. "వెనక్కెళ్ళి పడుకో తల్లీ... వచ్చేశాం... మా బంగారుతల్లివి కదూ..."

కిటికీ అవతల దీపం ఆరిపోయింది.

"సర్, స్క్రీన్ నల్లబడింది. ఇక నాకేం కనిపించడం లేదు."

పక్క సీటు బెల్టు టక్కుమంది.

పెట్టుకుందో... విప్పుకుందో...