జలాలు చెట్టు కింద

పుప్పొడి మోసే యంత్రపు రెక్కలన్నీ గూళ్లకు చేరాయని చూసుకుని, విరజ గాజుకప్పు కింద తేమను కాస్త తగ్గించింది. ఆ తర్వాతే సందర్శకుల తలుపు తెరిచింది. తేనెటీగలు కనుమరుగయ్యాక ఈ తోటలో పూత కాయగా మారుతున్నదంటే ఆ రెక్కల చలవే. అవి ఎగురుతుండగా మనుషులు లోపల అడుగుపెట్టకూడదు.

వచ్చింది ఇద్దరే. బందరుకు ఆవల సముద్రం మీద తేలే నీటివాడ నుంచి కరుణమ్మ, ఆమె కోడలు సలోమి.

"శ్వాసతెరలు తీయకండి పెద్దమ్మా. మన ఊపిరిలోని బూజు చెట్లకు సోకుతుంది" అంది విరజ.

జాతికి ఒక్కటి చొప్పున నిలబడి ఉన్నాయి చెట్లు. వెలగ, నేరేడు, పంపరపనస. ఒక్కోదాని దగ్గరా ఆగి, అది ఏ నేలలో పెరిగేదో, ఎవరు తినేవారో విరజ చెబుతూ వచ్చింది.

"ఇది జలాలు మామిడి. వేసవి వస్తే ఇంటింటా ఈ కాయే కొట్టేవారు. ఆవపిండి, కారం, నూనె కలిపి జాడీలకెత్తి, ఏడాది పొడుగునా అన్నంలో కలుపుకునేవారు."

సలోమి అక్కడే నిలబడిపోయింది. గుటక వేసింది. "అక్కా, నోట్లో నీళ్లూరుతున్నాయి. ఎందుకో తెలవట్లేదు."

ఆమె పుట్టాక మామిడికాయను కంటితో చూడడం ఇదే మొదలు.

"వేవిళ్లు తల్లీ" అంది కరుణమ్మ. "పోషకద్రవం లోపలికి పోతే చాలు, కక్కేస్తోంది. పోయినేడూ ఇట్టాగే చిక్కి శల్యమైంది. బిడ్డ నిలవలా." కాసేపు కొమ్మలకేసి చూసి అడిగింది. "ఇయ్యన్నీ ఎవరికోసం దాస్తన్నారు?"

"నేల కోలుకున్నాక పుట్టబోయేవాళ్ల కోసం."

కరుణమ్మ కోడలి వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

ఈ ఏడు పిందె చాలా రాలింది. నిలిచిన ప్రతి కాయా ముదిరాక నేల అడుగున విత్తనాలు దాచే బీజగర్భానికి వెళ్లాలి. విరజ ఆ నియమాన్ని మనసారా నమ్మింది. ఇన్నేళ్ల కొలువులో ఒక్క పండైనా నోట పెట్టలేదు, పెట్టాలనీ అనుకోలేదు. ఇప్పుడు సలోమి కళ్లకింది నలుపును చూసింది. తర్వాత నడుముకున్న అంటుకత్తి తీసి, అందిన కొమ్మ నుంచి ఒక కాయ కోసింది. తొడిమ నుంచి సొన కారి వేలిమీద చురుక్కుమంది.

"విరజా, జలాలు కొమ్మపై బరువు తగ్గింది" అంది తోటను నడిపే యంత్రం వనపాలి. దాని గొంతు కప్పులోంచి వినిపించింది.

విరజ వాళ్లిద్దరినీ బయటి గదిలోకి తీసుకెళ్లి తలుపు మూసింది. కాయ కడిగి, చెక్కుతీసి, ముక్కలు కోసింది. సలోమి శ్వాసతెర తీసి ఒక ముక్క కొరికింది. పులుపుకు కళ్లు గట్టిగా మూసుకుంది, భుజాలు వణికాయి. కక్కుతుందేమోనని కరుణమ్మ దోసిలి పట్టింది.

కక్కలేదు. ఇంకో ముక్క తీసుకుంది.

"కాసింత ఉప్పుందా తల్లీ?" అంది కరుణమ్మ.

విరజ లవణాల గదికి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చింది. సలోమి తింటూనే ఉంది. చివరికి కరుణమ్మ ఒక ముక్క అందుకుని విరజ చేతిలో పెట్టింది. విరజ దాన్ని సలోమికే ఇచ్చేసింది.

"కాయ తోటలో లేదు, బీజగర్భంలో లేదు" అంది వనపాలి. "నష్టానికి కారణం చెప్పు. తెగులా, గాలా, దొంగతనమా?"

"నష్టం కాదు. తినడానికి ఇచ్చాను."

"లెక్కల్లో అలాంటి వర్గం లేదు."

"అయితే చేర్చు."

తన కొలువు అక్కడితో ముగుస్తుందనే అనుకుంది విరజ. తోటలో నీటి మోటార్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో సలోమి నములుతున్న చప్పుడొక్కటే వినిపించింది. మోటార్లు మళ్లీ కదిలాయి.

"చేర్చాను" అంది వనపాలి. "మిగిలిన కాయల్లో ఈ వర్గానికి ఎన్ని వదలాలి?"

విరజ తల తిప్పి చూసింది. గాజు తలుపుకు అవతల, తరువాతి సందర్శకులు శ్వాసతెరలు కట్టుకుని ఆమె కోసం ఎదురుచూస్తున్నారు.