ఉత్తర గ్యాలరీ వీపు

నల్లబండ ఎఫ్.సి. మొదటి డివిజన్ నుంచి రెండో డివిజన్‌కు జారిపోయిన మర్నాడు ఊళ్లో పొయ్యి వెలిగిన ఇల్లు లేదంటే నమ్మండి. పొయ్యి అనడం మాటవరసకే లెండి, 2091లో పొయ్యిలెక్కడివి? ప్రతి వంటింట్లోనూ వంటయంత్రం “ఇయ్యాల ఏం వండాలె?” అని పొద్దుటి నుంచి అడుగుతూనే ఉంది. మనుషులు మాత్రం జవాబివ్వకుండా గోడల వంక చూస్తూ కూర్చున్నారు.

వాళ్లనీ తప్పుపట్టలేం. బొగ్గు గనులు ఎప్పుడో మూతపడ్డాయి. ఓపెన్‌కాస్ట్ గుంతలో నీళ్లు నిండితే దానిమీద తేలే సౌరఫలకాలు పరిచారు. ఇక ఊరికి మిగిలింది ఒక స్టేడియం, ఒక క్లబ్బు. ఆ క్లబ్బు ఏ షావుకారుదీ కాదు, అభిమానులదే. కోచ్‌ని ఎన్నుకునేదీ వాళ్లే. ఉత్తర గ్యాలరీ మెట్లమీద కూర్చుని, గొంతులు పోయేలా అరుచుకుని, చివరికి చేతులెత్తి తేలుస్తారు. దాన్ని పంచాది అంటారు.

ఆ సాయంత్రం పంచాదికి శ్రీనిక కూడా వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. ఆమె ఈ క్లబ్బుకు ఫిజియోథెరపిస్టు. అంతకన్నా ముందు లింగు సారు బిడ్డ.

“బ్రెజిల్ ఆయన్ను తెద్దాం. ఆయన టీం ఆడుతుంటే కండ్లు తిరుగుతయ్!” అన్నాడు డ్రోన్లు బాగుచేసే మోక్షిత్.

“ఆయనకు మన ఎండ జూస్తే తిరుగుతయ్” అన్నారెవరో. గ్యాలరీ నవ్వింది.

“మరి మన పాత గోల్‌కీపర్ చరణ్?”

“గోల్ ముందర నిలవడే కునుకు తీసేటోడు. బెంచి మీద కూసుంటే గురకే పెడ్తడు.”

ఈసారి నవ్వు సగంలోనే ఆగిపోయింది. రిత్విక్ తాత లేచి నిలబడ్డాడు మరి. ఉత్తర గ్యాలరీలో చప్పట్లు మొదలైనా, అరుపులు ఆగినా ఆయన చెయ్యి ఊపితేనే. ఆయన కళ్లు తుడుచుకుంటూ, “ఎవలెవలి పేర్లో ఎందుకురా! లింగు సారు ఉంటే మనకీ గతి పట్టునా?” అన్నాడు.

శ్రీనిక తల దించుకుంది. తండ్రి పోయి నాలుగేళ్లు. అనామకంగా ఉన్న క్లబ్బును మొదటి డివిజన్‌కు ఎక్కించింది ఆవుల రాజలింగు. అక్కడే ఏళ్ల తరబడి నిలబెట్టిందీ ఆయనే. ఊరు ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. ఆ నెత్తి మీంచి దించింది కూడా ఊరే. చివరి సీజన్‌లో వరసగా ఓడుతుంటే ఉత్తర గ్యాలరీ ఆయనకు వీపు తిప్పింది.

వీపు తిప్పడం నల్లబండలో పాత అలవాటు. గనుల కాలంలో, సమ్మె రోజుల్లో మేనేజరు వస్తే కార్మికులు తిట్టేవాళ్లు కాదట. అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగి, నోరు మెదపకుండా నిలబడేవాళ్లట. గనులు పోయాయి, ఆ అలవాటు మాత్రం గ్యాలరీకి చేరింది. కోచ్ మీద కోపమొస్తే వేలమంది మైదానానికి వీపు తిప్పేస్తారు. చిన్న చప్పుడు కూడా ఉండదు. నాలుగు బూతులు తిట్టినా నయమే అనిపిస్తుంది. లింగు సారు ఆరు మ్యాచ్‌లపాటు ఆ వీపుల ముందు నిలబడ్డాడు. క్లబ్బును ఎలాగో డివిజన్‌లో నిలిపి, రాజీనామా చేసి, ఆ చలికాలమే పోయాడు. డాక్టర్లు గుండె అన్నారు. ఊరు కూడా గుండె అనే అనుకుంది. అలా అనుకోవడమే అందరికీ హాయిగా ఉంది.

“సారును మళ్ల తెచ్చుకోవచ్చు” అన్నాడు మోక్షిత్ మెల్లగా. “మనోప్రతి అని వచ్చింది గదా.”

*

మనోప్రతిని తయారుచేసే పరిశోధకురాలు డాక్టర్ కైరవి వారం తిరక్కుండానే ఊరికొచ్చింది. దాపరికం లేని మనిషి. సంగతంతా మెట్లమీద నిలబడే చెప్పింది.

పాతికేళ్ల కిందట మ్యాచ్‌ఫిక్సింగ్ గొడవలు ముదిరినప్పుడు లీగ్ ఒక నిబంధన పెట్టింది. ప్రతి కోచ్ తలకు న్యూరల్ బ్యాండ్ కట్టుకుని తీరాలి. ఊళ్లో దాన్ని తలపట్టీ అంటారు. మైదానంలో ఉన్నంతసేపూ కోచ్ మెదడులో ఏ ఆలోచన ఎలా పుట్టింది, దేనికి భయపడ్డాడు, దేనికి పొంగిపోయాడు, అన్నీ అందులో నమోదవుతాయి. ఒక మనిషి ఇన్నేళ్ల తలపట్టీ రికార్డులను నాడీజాల యంత్రంలోకి ఎక్కిస్తే, అతనిలాగే ఆలోచించి, అతని గొంతుతో మాట్లాడే ప్రతిరూపం తయారవుతుంది. అదే మనోప్రతి. మైదానం కెమెరాల నుంచి ఆటగాళ్ల కదలికలు దానికి అంకెలుగా అందుతాయి. మైకులోంచి చప్పుళ్లు వినిపిస్తాయి. మనుషుల ముఖాలు మాత్రం దానికి కనిపించవు.

“రెండు నియమాలున్నాయి” అంది కైరవి. “రక్తసంబంధీకులు ఒప్పుకోవాలి. మ్యాచ్ జరిగేటప్పుడు దాన్ని పట్టుకుని గీత పక్కన ఒక మనిషి నిలబడాలి.”

అందరి తలలూ శ్రీనిక వైపు తిరిగాయి. లీగ్ గురించో క్లబ్బు గురించో కాదు ఆమె ఆలోచన. చిన్నప్పుడు మైదానానికి టిఫిన్ డబ్బా తీసుకెళితే, తలపట్టీ సవరించుకుంటూ “బిడ్డా, నువ్వు తిన్నవా?” అనే ఆ గొంతు. దాన్ని మళ్లీ వినొచ్చంటే ఎవరు మాత్రం వద్దంటారు?

“ఒక్క మాట డాక్టరమ్మా” అన్నాడు రిత్విక్ తాత, నేల చూపులు చూస్తూ. “ఆ ఆఖరు సీజను… అది లేకుంట చెయ్యరాదా?”

“చేయొచ్చు. మనిషి మెదడులో జ్ఞాపకం మజ్జిగలో ఉప్పులా కలిసిపోయి ఉంటుంది, విడదీయలేం. మనోప్రతిలో ఏ సీజన్‌కా సీజన్ వేరే పొర. తీసి పక్కన పెట్టొచ్చు. కానీ ఎందుకు?”

“గది యాదికుంటే ఆయనకు మా మొకం ఎట్ల చూపిస్తం?” అన్నాడు తాత.

శ్రీనికకు అందులో తప్పేమీ తోచలేదు. తండ్రికి ఆ బాధ మళ్లీ ఎందుకు? ఒప్పుకుంటున్నానని బొటనవేలు ఆనించింది.

*

అరచేతిలో పట్టే నల్లటి పెట్టె అది. స్విచ్ వేయగానే ముందు ఒక గొంతు సవరింపు వినిపించింది.

“బిడ్డా, తిన్నవా?”

ఆమెకు ఏడుపు ఆగలేదు. “తిన్న బాపూ.”

“మనం ఏ డివిజన్ల ఉన్నం?”

“రెండో డివిజన్.”

“అరె! నేను లేకుంటె గింత ఆగమైతరా?” అని ఆ గొంతు నవ్వింది. గ్యాలరీ అంతా లేచి గంతులేసింది. రిత్విక్ తాత చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మొదట్లో గెలుపులే. లింగు సారు ఆట తీరే వేరు. ఎడమవైపు డిఫెండర్ వెనక కాపలా మానేసి బంతితో పాటు ముందుకు దూకాలి. చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఐతే పండగలు దాటేసరికి ఎదుటి జట్లు మేలుకున్నాయి. డిఫెండర్ ముందుకెళ్లగానే అతని వెనక ఖాళీలోకి బంతి వేయడం మొదలుపెట్టాయి. ఓటమి తర్వాత ఓటమి. ఒకనాడు శ్రీనిక పెట్టె పట్టుకుని గీత పక్కన నిలబడి ఉండగా, ఉత్తర గ్యాలరీ చప్పుడు లేకుండా వెనక్కి తిరిగింది.

“బిడ్డా, సప్పుడేది?” అంది పెట్టె.

ఆమె ఆ వీపులను చూసింది. “వాన పడుతుంది బాపూ. జనం రాలే” అంది.

తర్వాతి మ్యాచ్‌లోనూ వానే అని చెప్పింది. ఆ తర్వాత ఇంకేం చెప్పాలో తెలియక ఊరుకుంది. పెట్టె కూడా అడగడం మానేసింది. ఆలోచన తెగక, ఆటగాళ్లకు ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెప్పేది. క్లబ్బు మూడో డివిజన్‌కు జారింది.

మళ్లీ పంచాది. ఈసారి బ్రెజిల్ ఆయన పేరు ఎత్తినవాళ్లు లేరు, చరణ్ పేరు ఎత్తినవాళ్లూ లేరు.

“లింగు సారే ఉండాలె” అన్నాడు మోక్షిత్. “కాకపోతే ఈసారిది గూడ తీసేద్దాం. పాపం, ఆయనకెందుకా బాధ.”

వందల చేతులు ఒక్కసారే లేచాయి. కైరవి ఆ పొరనూ తీసి పక్కన పెట్టింది. స్విచ్ వేశారు.

“బిడ్డా, తిన్నవా? మనం ఏ డివిజన్ల ఉన్నం?”

అదే నవ్వు. శ్రీనికకు ఈసారి ఏడుపు రాలేదు. ఎంత కొట్టినా తెల్లారేసరికి మరిచిపోయే మనిషి దొరికాడు వీళ్లకు అనుకుంది. ‘వీళ్లకు’ అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా. రెండోసారి బొటనవేలు ఆనించింది తను కాదూ? ఆ ‘తిన్నవా’ కోసం.

మూడో డివిజన్‌లోనూ అదే కథ. గెలుపులు, పండగలు, ఎడమవైపు ఖాళీ. పోయినేడు ఏ ఖాళీలోంచి గోల్స్ తిన్నారో ఈ ఏడూ అందులోంచే తిన్నారు. ఆమెకు అప్పుడు వెలిగింది. తిన్నగా కైరవికి ఫోన్ చేసింది.

“డాక్టర్, మా బాపు ఒక గోల్ తింటే రెండోసారి అదే గోల్ తినేటోడు గాదు. ఓడిన సాయంత్రం ఒక్కడే మైదానమంత తిరిగేది, ఎక్కడ తప్పిందో దొరికేదాక ఇంటికొచ్చేది గాదు. ఇప్పుడెందుకు దొరుకుతలేదు?”

కైరవి కాసేపు రికార్డులు తిరగేసింది. “దొరికింది శ్రీనికా, ఎప్పుడో దొరికింది. ఆయన బతికున్నప్పటి ఆఖరు సీజన్లోనే ఎదుటి జట్లు ఈ ఎత్తు మొదలుపెట్టాయి. చివరి మ్యాచ్‌లకల్లా దానికి విరుగుడు కనిపెట్టారాయన. అందుకే ఆ ఏడు మీరు డివిజన్‌లో మిగిలారు. ఆ పొరే మనం తీసేశాం.”

వీపుల ముందు నిలబడి, అవమానం దిగమింగుకుంటూ, ఆ మనిషి వీళ్లకోసమే వెతికాడు. దొరికించుకున్నాడు కూడా. ఊరు తన సిగ్గును దాచుకోబోయి దాన్నే పారేసుకుంది.

“ఆ పొరలు ఉన్నయా, పోయినయా?”

“ఉన్నాయి. చెరిపేయడం చట్టం ఒప్పుకోదు. రెండూ కలపొచ్చు. కానీ ఆయనకు అన్నీ గుర్తొస్తాయి. నువ్వు చెప్పిన వానలతో సహా.”

*

ఆ సీజన్ కూడా అట్టడుగునే ముగిసింది. నాలుగో డివిజన్ అంటూ లేదు. ఆ కిందికి జారితే స్టేడియంలో కూడా సౌరఫలకాలే పరుస్తారు. ఇంకొక్క సీజన్ గడువిచ్చింది లీగ్. ఆ పంచాదికి ఊరు ఊరంతా వచ్చింది.

“సారే కావాలె. మొన్నటిది తీసేసి…” అని రిత్విక్ తాత మొదలుపెట్టేసరికి శ్రీనిక మెట్లు దిగి వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఇగ తీసేది లేదు తాతా. తెస్తే మొత్తం మనిషిని తెద్దాం, లేకుంటె లేదు. ఓడింది యాదిలేనోడు కోచెట్లయితడు? మీరు రెండేండ్ల సంది మా బాపును గాదు, మీకు నచ్చిన ముక్కను తెచ్చుకుంటున్నరు.” ఆమె తన బొటనవేలి వంక చూసుకుంది. “మీరే గాదు. నేను గూడ.”

ఎడమవైపు ఖాళీ సంగతి, విరుగుడు సంగతి అంతా విప్పి చెప్పింది. వింటున్నకొద్దీ మోక్షిత్ మొహం పాలిపోయింది. చాలాసేపటికి ఒక చెయ్యి లేచింది, దాని వెనక ఇంకొకటి. బరువులు మోస్తున్నట్టు ఒక్కొక్కటే లేచాయి.

కైరవి పొరలు కలిపింది. శ్రీనిక పెట్టెను రెండు చేతులా పట్టుకుని మైదానం గీత మీద, గ్యాలరీకి ఎదురుగా నిలబడి స్విచ్ వేసింది.

గొంతు సవరింపు వినిపించలేదు. ‘తిన్నవా’ అనలేదు. పెట్టె పనిచేస్తోందని చిన్న ఆకుపచ్చ దీపం మాత్రం చెబుతోంది. అలా ఎంతసేపు గడిచిందో!

అప్పుడు రిత్విక్ తాత లేచాడు. దండం పెట్టబోయి, చేతులు పైకి రాక, మొహం కండువాతో కప్పుకుని అటు తిరిగిపోయాడు. ఆయన పక్కన మోక్షిత్, వాళ్ల వెనక వరుస, ఆ పై వరుస… ఏ కోపమూ లేదు. ముఖం చూపించలేక, ఒకరి తర్వాత ఒకరు ఉత్తర గ్యాలరీ అంతా వీపు తిప్పేసింది. ఎక్కడా చిన్న చప్పుడు లేదు.

“బిడ్డా” అంది పెట్టె.

“బాపూ.”

“పోయినసారి వాన అన్నవు.”

“అవు బాపూ.”

“ఇయ్యాల వాన లేదు గదా. మరి సప్పుడేది? వాళ్లు ఇటు తిరిగి ఉన్నరా?”

శ్రీనిక తలెత్తి చూసింది. మెట్లనిండా వీపులు. కొన్ని వీపులు ఎగసెగసి పడుతున్నాయి. రిత్విక్ తాత భుజాలు ఆగకుండా వణుకుతున్నాయి. ఇవి ఆ వీపులు కావని ముఖాలు కనిపించని మనిషికి ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

“ఉన్నరు బాపూ” అంది. “అందరు ఇటే జూస్తున్నరు.”

కూతురు గొంతులో అబద్ధం ఎక్కడ వణుకుతుందో వానలు చెప్పిన రోజుల నుంచీ పెట్టెకు తెలుసు. ఇప్పుడవన్నీ గుర్తున్నాయి కూడా.

“మంచిది” అన్నాడు లింగు సారు. “పోరగాండ్లను పిలువు. ముందుగాల ఎడమదిక్కు ఖాళీ సంగతి జూద్దాం.”

ఆమె పెట్టెను గుండెకు అదుముకుని ఆటగాళ్లున్న వైపు నడిచింది.