ఒక్కో మొక్కకు నాలుగు చెంబులు

ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఆమె పెరటి మెట్ల మీద నిలబడి కుండీలు లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. అందులో పచ్చగా ఉన్నవి తొమ్మిది. మిగతావన్నీ ఆకులు పసుపెక్కి, కాడలు మెత్తబడి, తలలు వేలాడేసుకుని ఉన్నాయి. ఆసుపత్రి ల్యాబులో రోజంతా రక్తం తీసి సీసాలకు చీటీలు అంటించే మనిషి కాబట్టి ఆమెకు ఏదైనా పరీక్ష చేసి తేల్చేయడం అలవాటు. ఇదీ తేలిపోయింది. పెరడంతా సిమెంటు చేయించేస్తే పీడా వదులుతుంది.

ఇంట్లో ఆమెకు ఇన్‌చార్జి అని పేరు. బస్సు డ్రైవరైన భర్త పెళ్లయిన ఏడాదికే ఆ పేరు పెట్టాడు. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టడం మొదలు, వీధి తలుపు గడియ వేసేదాకా ఏ పని ఎవరు ఎప్పుడు చేయాలో ఆమే చెప్పాలి. చెప్పినట్టు జరగకపోతే మళ్లీ ఆమే చేసుకోవాలి. నలభై మూడేళ్లకే నడుము పట్టేసిందంటే పట్టేయదా మరి!

"సిమెంటు పని చేసే అతను రేపు వస్తాడు," కాఫీ కప్పులు అందిస్తూ ప్రకటించింది. "నర్సరీ ఆయనకు కూడా ఫోన్ చేశాను. బతికున్న మొక్కలు ఇవాళే పట్టుకుపొమ్మన్నాను."

భర్త కప్పు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. కాలేజీ చదువుతున్న కూతురు ఫోన్లోంచి తలెత్తింది. ముందు గదిలో ఎవరివో పరదాలకు అంచు కుడుతున్న అత్తగారు మిషను తొక్కడం ఆపేసింది.

"అన్నీనా?" అంది అత్తగారు.

"అన్నీ అత్తయ్యా. నాకు ఓపిక లేదు."

"అది కాదోయ్," అన్నాడు భర్త నెమ్మదిగా. "పనులకు పోయేవాళ్ల కోసం వేరే రకం తోటలు ఉన్నాయట. నా బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. వారానికి ఒకసారి నీళ్లు పోస్తే చాలట."

"ఆ ఒక్కసారి ఎవరు పోస్తారు? మీరా? మీరు విన్నవన్నీ చేసుంటే ఈ ఇల్లు ఈపాటికి స్వర్గం అయిపోయుండేది."

ఎవరూ నవ్వలేదు, ఎదురూ చెప్పలేదు. ఆ మౌనం చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. తిట్టినా పట్టనట్టు కూర్చునే మనుషులతో ఎలా వేగడం?

"అయిదింటికి లేచి, మీరంతా నిద్రలో ఉండగా మొక్కలకు నీళ్లు పోసి పరుగెత్తుకెళ్లి బస్సెక్కుతున్నాను. సాయంత్రం వచ్చేసరికి ఇంకో రెండు వాడిపోయుంటాయి. రెండు నెలలుగా ఇదే తంతు. మీ ముగ్గురిలో ఒక్కరికైనా ఒక్క చెంబు పోద్దామని తోచిందా? పక్కనుంచే నడిచి వెళ్తారు కదా! ఈ ఇంట్లో నలుగురం ఉన్నామని పేరు. నిజానికి నేనొక్కదాన్నే ఉన్నాను."

కూతురు ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. అత్తగారు తలవంచుకుని, కుట్టిన దారాన్నే చాలాసేపు చూసింది. ఆమె మాత్రం వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువగానే వినిపించింది.

నర్సరీ ఆయన పదింటికి వచ్చాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. తీసుకుపోవాల్సిన పచ్చటి మొక్కల వంక చూడనైనా లేదు. వాడిపోయిన కుండీ ముందు గొంతుక్కూర్చుని మట్టిలో వేలు గుచ్చాడు. పక్కదాంట్లో గుచ్చాడు. ఆ పక్కదాంట్లోనూ గుచ్చాడు. తర్వాత ఒక కుండీని బోర్లించి తట్టాడు. మట్టి ముద్దగా జారిపడింది. మొక్క వేర్లు నల్లబడి ఉన్నాయి. కుళ్లు వాసన మెట్ల దాకా కొట్టింది.

"ఇవి దాహంతో చచ్చినవి కావమ్మా. రోజుకు ఎన్నిసార్లు పోస్తున్నారు?"

"ఒక్కసారే. తలా ఒక చెంబు. వాడుతున్నాయని ఈమధ్య కాస్త ఎక్కువ పోస్తున్నాను."

"ఒక్కసారి పోస్తే ఇలా అవదు. పొద్దస్తమానం పోస్తే తప్ప ఇంత బురద ఉండదు."

"నేను అబద్ధం చెప్తున్నానంటారా?" ఆమె గొంతు లేచింది.

"అమ్మా, ఆగు," అంది కూతురు వెనకనుంచి. "నేను కాలేజీ నుంచి రాగానే పోస్తున్నాను. నువ్వొచ్చే లోపల."

ఆమె వెనక్కి తిరిగే లోపే భర్త గొంతు సవరించుకున్నాడు. "మొదటి ట్రిప్పు అయ్యాక తినడానికి వస్తాను కదా. చేతులు కడుక్కునేటప్పుడు నేనూ... తలా ఒక చెంబు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురూ కలిసి అత్తగారి వంక చూశారు. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"మధ్యాహ్నం ఎండకు తలలు వాల్చేస్తున్నాయి," అంది తప్పు చేసినట్టు. "చూస్తూ ఊరుకోలేకపోయాను."

నర్సరీ ఆయన మొదటిసారి నవ్వాడు. "నీళ్లు లేక చచ్చిన మొక్కల్ని బోలెడు చూశాను. గారాబానికి చచ్చినవాటిని ఇదే చూడడం."

ఆమెకు నవ్వు రాలేదు. "మరి నాతో ఎందుకు చెప్పలేదు? ఇందాక అన్నేసి మాటలు అంటుంటే ముగ్గురూ నోళ్లు కుట్టేసుకున్నారేం?"

"నువ్వే కదమ్మా," అంది కూతురు. "నా మొక్కల జోలికి ఎవరూ రావద్దన్నావు."

అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట అత్తగారు ఎండిన కొమ్మ అనుకుని మొగ్గలేసిన గులాబీ కొమ్మ కత్తిరించింది. ఆసుపత్రికి ఆలస్యమవుతున్న హడావుడిలో తను ఆవిడ చేతిలోంచి కత్తెర లాక్కుంది. 'చేతకానప్పుడు ముట్టుకోకండి. ఇకమీదట ఎవరూ ముట్టుకోవద్దు' అని అరిచి వెళ్లిపోయింది. సాయంత్రానికి తను మర్చిపోయింది. వీళ్లు మర్చిపోలేదు. ఒకరికి తెలిస్తే నోరు జారుతారని ఒకరికొకరు కూడా చెప్పుకోకుండా, దొంగల్లా ఆమె కష్టం పంచుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు సిగ్గుతో మొహం వేడెక్కింది.

"పని చేసుకునే ఇంట్లో ఇన్ని చిన్న కుండీలెందుకమ్మా?" నర్సరీ ఆయన తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు. "ఆరు పెద్ద తొట్లు చాలు. చిన్న కుండీ పూటలో ఎండుతుంది, పెద్ద తొట్టి నాలుగు రోజులు తడి ఆపుతుంది. ఎండ పడే గోడవారన కాగితంపూలు, బిళ్లగన్నేరు పెట్టండి. ఒకటి రెండు రోజులు మర్చిపోయినా అలగవు. నీడలో కలబంద. నీళ్లు ఎక్కువ తాగేవి అన్నీ కుళాయి పక్కన ఒకేచోట. మట్టి మీద ఎండుటాకులు పరిచేయండి. చెంబు ఎత్తేముందు వేలు పెట్టి చూడండి, తడి తగిలిందా, చెంబు దించేయండి."

భర్త కూతురి నోటుపుస్తకంలో పెరడు బొమ్మ గీసుకుంటున్నాడు. తొట్టి గుర్తులు కోడిగుడ్లలా వచ్చాయి. తర్వాత ఫోన్ తీసి సిమెంటు అతనికి చేశాడు. "రేపు రావద్దండీ. లేదండీ, ఇంకెప్పుడూ వద్దు."

మామూలుగా అయితే ఈపాటికి ఏ రోజు ఎవరి వంతో ఆమె చెప్పేసి ఉండేది. నోటిదాకా వచ్చింది కూడా. ఆపుకుని, "మీ ముగ్గురూ ఎలా అంటే అలా చేద్దాం," అంది. భర్త ఆమెను వింతగా చూశాడు.

నర్సరీ ఆయన బండిలోంచి దింపిన పెద్ద తొట్టిలో మట్టి నింపారు. బతికున్న తొమ్మిదింటిలో ముందు మల్లెమొక్కను అందులోకి మార్చాలి. అత్తగారు గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. కుండీ మీదికి చెయ్యి చాపి, అంతలోనే వెనక్కి తీసుకుంది.

"ముట్టుకోనా అమ్మాయ్?" అని అడిగింది.

ఆ గొంతులో దెప్పు లేదు, కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. ఇరవై ఏళ్ల కిందట ఈ ఇంటి తాళాలు తన చేతిలో పెట్టిన మనిషి, ఇదే పెరట్లో నిలబడి ఒక మొక్కను తాకడానికి తన అనుమతి అడుగుతోంది. ఆమెకు దుఃఖం ఆగలేదు.

"తప్పయిపోయింది అత్తయ్యా," అంది వెక్కుతూ. "అలా అడక్కండి. నన్ను నాలుగు తిట్టండి, అంతేగాని అలా అడక్కండి."

అత్తగారు కొంగుతో ఆమె మొహం తుడిచింది. "తిట్లకేం, తీరిగ్గా తిడతాను. ఏడుపు కూడా తర్వాత ఏడుద్దువుగాని. ముందు ఇటు పట్టు. నా ఒక్కదానివల్ల కాదు."

ఆమె ముక్కు ఎగబీల్చి, అత్తగారి చేతుల కింద తన చేతులు పెట్టింది. ఇద్దరూ కలిసి మొక్కను మట్టితో సహా ఎత్తారు.