అల్లం గోదాముకు రెండు బిందెల నీళ్ళు

మొగుడంపల్లి రోడ్డు మీద ఉన్న అల్లం గోదాము సంగతి జహీరాబాద్‌లో ఏ ఆటోవాణ్ణయినా అడగండి. పగలైతే దాని గేటు ముందే ఆపుతాడు. పొద్దుగూకిందంటే మాత్రం, "జర ముందటికి పోయి దిగు" అంటాడు. ఎందుకని అడిగితే మొహం పక్కకు తిప్పుకుంటాడు.

అందులో అల్లం నిలవ చేయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడది ప్రార్థన మందిరం. సున్నం వేసి, సిలువ పెట్టి, కుర్చీలు తెచ్చి పరిచినా గోడల్లోంచి అల్లం ఘాటు పోలేదు. ఘాటుతో పాటు సంగప్ప కూడా పోలేదని జనం మాట.

సంగప్పంటే ఆ గోదాముకు వైరింగు చేసిన మనిషి. పదేళ్ళ కింద, ఎండాకాలంలో, అక్కడే షాకు కొట్టి చచ్చిపోయాడు. భార్య యాదమ్మ అక్కడే కాపలా పనికి కుదురుకుంది. రోజూ దీపాలు పెట్టే వేళకు గోడ వెనక్కి వెళ్ళి, ఒక మూల నేలలో రెండు బిందెల నీళ్ళు పోసేది. వాన పడ్డా, జ్వరం వచ్చినా తప్పేది కాదు. మొగుడి దాహం తీరుస్తోందని చూసినవాళ్ళు అనుకున్నారు... అడిగే ధైర్యం ఎవరికుంది?

సంఘం పెద్ద పీటరుకు ఇది నచ్చలేదు. మంచివాడే, కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. క్రిస్మస్ వెళ్ళగానే యాదమ్మను పిలిచి, "దేవుని మందిరంల చచ్చినోళ్ళకు నీళ్ళు పోసుడు నడవది" అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన వింటేగా! యాదమ్మ మూట కట్టుకొని ఝరాసంగంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాయి. గోదాము మూలగడం మొదలుపెట్టింది.

మొదట స్పీకర్లలో సన్నగా... గుంయ్‌... మని. తర్వాత ఒక ఆదివారం పాస్టరుగారు మైకు దగ్గర నోరు పెట్టగానే ఎవరో చెంప పగలగొట్టినట్టు వెనక్కి పడ్డారు. పెదవి కాలి వాచింది. సంగప్పకు దాహమవుతోంది — అని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు.

ఈ మాటలు దేవరాజు కూడా విన్నాడు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళుగా వెల్డింగు చేస్తున్నవాడు. మోత వచ్చిందంటే దానికో కారణం ఉంటుందనే మనిషి. ఆయన కూతురు స్నేహకు పదహారేళ్ళు. తెల్లవారితే ఈస్టరు. నాలుగు గంటల ఆరాధనలో తండ్రి ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొని, మొట్టమొదటిసారి తనే వాయిస్తూ పాడబోతోంది. మూడు నెలలుగా అదే లోకం. వేళ్ళ కొనలు కాయలు కాశాయి.

"రాత్రి లోపల ఆ మోత ఆగకపోతె గిటారు బంద్. పిల్లను కూసోబెట్టు" అని పీటరు తేల్చేశాడు.

అందుకే శనివారం రాత్రి తొమ్మిదింటికి దేవరాజు ఒక్కడే గోదాములో ఉన్నాడు. స్నేహ ఇంటి దగ్గర తలస్నానం చేసి స్కూటీ మీద వస్తానంది.

పండగని ఆడవాళ్ళు సాయంత్రమే నేల కడిగి వెళ్ళారు. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. మందిరంలోకి చెప్పులతో రాకూడదు. కానీ నేల జారుతోంది, చూసేవాళ్ళెవరూ లేరు. "ప్రభువా, జర మాఫ్ చెయ్" అనుకొని రబ్బరు చెప్పులతోనే లోపలికొచ్చాడు.

ఆంప్లిఫయరు స్విచ్చి వేశాడు.

గుంయ్‌య్‌...

కేబులు మార్చాడు. గుంయ్‌... గిటారుకు జాక్ గుచ్చే చోట నట్టు బిగించాడు. గుంయ్‌... ట్యూబులైటు ఆర్పి, ఫోను దూరంగా పెట్టి, చీకట్లో గిటారుతో నిలుచున్నచోటే ఒక చుట్టు తిరిగాడు. వీధి వైపు తిరిగితే మోత తగ్గింది... వెనక తలుపు వైపు తిరిగితే పెరిగింది. మళ్ళీ తిరిగి చూశాడు. అంతే. వెనక తలుపు వైపే.

యాదమ్మ నీళ్ళు పోసింది అక్కడే కదా!

ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. లైటు వేసి, తీగల మీద అరచెయ్యి ఆనించాడు. మోత ఠక్కున ఆగిపోయింది. చెయ్యి తీశాడు. గుంయ్‌... మళ్ళీ ఆనించాడు. నిశ్శబ్దం. వేళ్ళలో చీమలు పాకినట్టు సన్నగా జివ్వుమంది.

ఏడ్చే పసిపిల్ల మీద చెయ్యి వేస్తే ఊరుకున్నట్టుంది. చెయ్యి వెయ్యమని అడుగుతున్నది... ఎవరు?

నిజం చెప్పాలంటే, దేవరాజుకు భయం వేసింది.

గిటారును కుర్చీ మీద పెట్టాడు. మోత మొదలైంది. ఆ మోత కింద ఇంకో చప్పుడు... బయటి నుంచి. వెనక తలుపు అవతల. ఎవరో కాళ్ళీడుస్తూ నడుస్తున్నారు... ఆగారు.

దేవరాజు ఫోను చేతిలోకి తీసుకొని గడియ తీశాడు.

ఫోను వెలుగులో మొదట కనిపించింది తెల్లటి కొంగు. గోడ మూల ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. పక్కన రెండు బిందెలు.

"ఎ...ఎవలది?"

ఆకారం మెల్లగా తల తిప్పింది.

"నేనే బిడ్డా... యాదమ్మను."

దేవరాజు గోడకు చేరగిలపడ్డాడు. "అవ్వా! పాణం తీసినవ్ గదనే! గీ రాత్రి ఎందుకొచ్చినవ్?"

"ఆఖరి ఆటోకొచ్చిన. పాస్టరయ్య మూతి కాలిందని మా ఊరి దాంక ఎరుకైంది. మనసున పట్టలే." మొదటి బిందె వంచింది. ఎండిన మట్టి బుసబుసమని తాగింది. "పీటరయ్యకు చెప్పకు."

"సంగప్ప మామకా... గీ నీళ్ళు?" గుసగుసగా అడిగాడు.

యాదమ్మ ఫక్కున నవ్వింది. "ఎడ్డి కొడుకా! చచ్చినోడు నీళ్ళు తాగుతడా? గిది ఎర్తు గుంత. ఉప్పు, బొగ్గు పోసి ఆయనే పెట్టిండు. 'యాదీ, గీడ తడి ఆరనియ్యకు' అన్నడు. దారి తప్పిన కరెంటు భూమిలకు పోయే తొవ్వ గిది. తొవ్వ ఎండితె..." ఆగింది. "అది మనిషిలకెళ్ళి పోతది."

ఖాళీ బిందె పక్కకు పెట్టింది. తర్వాత, చాలా చిన్నగా — "ఆ ఎండకాలం బిడ్డ పురుడని నేను ఊరికి పోయిన. ఊరందరికి చెప్పేటోడు, తన కాడ నీళ్ళు పోసుడు మరిచిండు. నేనుంటె బతికెటోడు."

దేవరాజు తన అరచెయ్యి చూసుకున్నాడు. తన చెయ్యి ఆనగానే మోత ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది. అది తనలోంచి పోతోంది! రబ్బరు చెప్పులు ఉండబట్టి చీమలు పాకి వదిలేసింది. తెల్లవారుజామున స్నేహ చెప్పులు విప్పి, కడిగిన నేల మీద నిలబడి, చేత్తో తీగలు పట్టి, పెదవులు మైకుకు ఆనించి...

యాదమ్మ రెండో బిందె వంచింది.

గోదాములో మోత ఆగిపోయింది.

మోత ఆగిందంటే తీగల మీద చెయ్యి పడినట్టే. స్నేహ వచ్చేసింది! తడి జుట్టుతో, చెప్పులు గుమ్మం బయట విడిచి...

"స్నేహా! ముట్టకు!"

పరుగెత్తాడు. తడికి జారి పడ్డాడు. మోకాలు చీరుకుపోయినా లేచి, గోడ మీది మెయిన్ స్విచ్చి కిందికి లాగాడు. చీకటి.

"బిడ్డా..."

అల్లం ఘాటు... దూరంగా హైవే మీద లారీ హారను. చేతిలో ఫోను ఉంది. వెలుగు అటు తిప్పడానికే చెయ్యి రాలేదు, ఏం చూడాల్సి వస్తుందోనని. చివరికి తిప్పాడు.

కుర్చీ. కుర్చీ మీద గిటారు. ఎవరూ లేరు. తడి నేల మీద తన చెప్పుల గుర్తులే తప్ప ఇంకొక అడుగు లేదు.

"డాడీ! లైట్లెందుకు బంద్ చేసినవ్?"

గేటు దగ్గర స్కూటీ దిగుతోంది స్నేహ. దేవరాజు కుంటుకుంటూ వెళ్ళి, కూతుర్ని వాటేసుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పాపం ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

వెనక తలుపులో యాదమ్మ ఖాళీ బిందెతో నిలబడింది. "గుంత నీళ్ళు తాగింది, మోత ఊకుంది. గంతే గద! గింత ఫికర్ ఎందుకు కొడుకా?"

నిజమే. మెయిన్ మళ్ళీ వేస్తే మోత లేదు. తీగల మీద, మైకు మీద టెస్టరు పెట్టి చూశాడు. ఎక్కడా వెలగలేదు.

ఈస్టరు తెల్లవారుజామున సంగతంతా విన్న పీటరు, అందరి ముందూ యాదమ్మకు చేతులు జోడించాడు. స్నేహ ఉత్తకాళ్ళతో నిలబడి, పెదవులు మైకుకు ఆనించి పాడింది. గిటారు గంటలా మోగింది. దయ్యం లేదు గియ్యం లేదు, ఎండిన గుంత, అంతే — అని సోమవారానికల్లా ఆటోవాళ్ళకు కూడా తెలిసిపోయింది.

మంగళవారం, గుంతను కొత్తగా బాగు చేయించాలని పీటరే ఎలక్ట్రీషియన్ మదన్‌మోహన్‌ను పిలిపించాడు. దేవరాజు, యాదమ్మ కూడా పక్కనే ఉన్నారు. మదన్‌మోహన్ నడుము లోతు తవ్వి, గోదాములోంచి వచ్చే తీగ కొసను పైకి లాగాడు. ఎండలోకి పట్టి అటూ ఇటూ తిప్పాడు.

"అన్నా, గిది తెగి ఎంతకాలమైందో! కొస చూడు, మాడి నల్లగైంది, మన్ను గడ్డకట్టింది. తక్కువల తక్కువ పదేండ్లు. గుంతకు, గోదాముకు సంబంధమే లేదు. మీరు చెరువు తెచ్చి పోసినా లాభం లేదు."

"మొన్న నీళ్ళు పోస్తెనే గద మోత ఆగింది?" అన్నాడు పీటరు. "మరి కరెంటు... ఏడికి పోయింది?"

"నాకేం ఎరుక? ఏదో ఒక దాంట్లకెళ్ళి పోవాలె గద" అన్నాడు మదన్‌మోహన్, కొత్త తీగ చుట్ట విప్పుకుంటూ.

అది మనిషిలకెళ్ళి పోతది.

దేవరాజు యాదమ్మ వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. మాడిన తీగ కొసను రెండు చేతుల్లోకి తీసుకొని, కొంగుతో మట్టి తుడుస్తోంది.

ఈస్టరు నాడు తడి నేల మీద నిలబడిన స్నేహ ఉత్తకాళ్ళు గుర్తొచ్చాయి దేవరాజుకు. ఆ కరెంటు ఆ పిల్లలోంచి పోలేదు... మరి ఎవరిలోంచి పోయినట్టు? ఎండ చిటపటలాడుతోంది. ఆయన లేచి ఒక బిందె అందుకొని బోరు వైపు నడిచాడు. పీటరు చూశాడు, వద్దనలేదు. రెండో బిందె తనే ఎత్తుకున్నాడు.