జాబితాలో లేని కాలేజీ

శుక్రవారం ఉదయం ఏడు కావస్తోంది. ఆ ఇంట్లో నలుగురు మనుషులు, ఒకటే బాత్రూము. లోపల నానమ్మ ఉంది. బయట నాన్న భుజాన తువ్వాలు వేసుకుని ఆ కాలి మీంచి ఈ కాలి మీదకి మారుతున్నాడు. అమ్మ ఒక చేత్తో ఇస్త్రీ పెట్టె తోస్తూ, రెండో చేత్తో టీ తాగుతోంది. ఎవరి తొందరతోనూ తనకి పని లేనట్టు కూతురు బల్ల చుట్టూ తిరుగుతోంది. చేతిలో ఒక కాగితం.

కూతురి అసలు పేరు స్కూల్లోనే. ఇంట్లో మాత్రం పిడుగు. పుట్టగానే అది పెట్టిన కేకకి ఆసుపత్రి వరండాలో కునుకు తీస్తున్న నానమ్మ ఉలిక్కిపడి లేచి, "పుట్టింది పిల్లా, పిడుగా?" అందట. అదే ఖాయమైపోయింది. పిడుగుకిప్పుడు పదిహేడేళ్ళు, స్కూల్లో ఆఖరి ఏడాది. రెండు వారాలుగా ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. నిలబడి తింటోంది, నడుస్తూ చదువుతోంది, నిద్రలో కూడా ఏవో మార్కులు గొణుగుతోంది.

ఆ కాగితం క్లాస్ టీచర్ ఇచ్చింది. అందులో ఎనిమిది గళ్ళు. ఒక్కో గడిలో కాలేజీ పేరు, కిందటేడు ఎన్ని మార్కులకి సీటిచ్చారు, ఏడాదికి మొత్తం ఎంతవుతుంది అని రాయాలి. ఫీజు ఒక్కటే కాదు, హాస్టలు, పుస్తకాలు, రానుపోను ఛార్జీలు కలిపి. "మునివేళ్ళ మీద నిలబడితే అందేవి మూడు, చెయ్యి చాస్తే అందేవి మూడు, కాళ్ళ దగ్గరున్నవి రెండు," అని టీచర్ మరీమరీ చెప్పింది. పిడుగు రాసుకెళ్ళిన వాటిలో మునివేళ్ళవి ఐదు, చెయ్యి చాస్తే అందేవి రెండు. ఎనిమిదోది ఖాళీ. కాగితం ఎర్రసిరాతో తిరిగొచ్చింది.

"అమ్మా, సంతకం పెట్టు."

"చదవకుండా పెడితే అది సంతకం కాదే, పిచ్చిగీత." అమ్మ కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఊరందరి చూపూ సరిచేస్తుంది కానీ తన జోడు ఎక్కడ పెట్టిందో తనకే తెలీదు. నెత్తి మీద దొరికాక, ఎర్రసిరా రాత పైకే చదివింది. "'ఎనిమిదో గడి ఎందుకు ఖాళీగా ఉంది? మీ నాన్నగారు పనిచేసే కాలేజీలో కెమిస్ట్రీ బాగుంటుంది. సిబ్బంది పిల్లలకి సగం ఫీజే. ఇంటి నుంచే వెళ్ళిరావచ్చు. ఆలోచించి, తల్లిదండ్రుల సంతకంతో సోమవారం తీసుకురా.'"

ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. నాన్న కాళ్ళు మార్చడం కూడా ఆగిపోయింది. ఆయన ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పందొమ్మిదేళ్ళుగా అటెండరు.

బాత్రూములోంచి నానమ్మ గొంతు వినిపించింది. "ఏ కాలేజీ? మావాడి కాలేజీయేనా? అదెందుకు రాస్తుందే! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదుగా!"

"మర్చిపోయుంటుందిలే అమ్మా," అన్నాడు నాన్న నవ్వుతూ. ఆ నవ్వు మొహంలో ఎక్కడా నిలవలేదు. "చిన్నపిల్ల. పెద్ద కాలేజీల మీద మనసుంటుంది."

ఆయన ఆ రోజు స్నానం అయిందనిపించి, పలహారం అయిందనిపించి, రోజూ కంటే ముందే వెళ్ళిపోయాడు.

"ఎందుకు రాయలేదే?" అంది అమ్మ, స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగాక.

"ఇంకా ఆలోచిస్తున్నా."

"ఇంట్లోంచి వెళ్ళొచ్చే కాలేజీకి ఆలోచనేమిటి? ఈ పైన రాసిన ఐదింట్లో ఒక్కదాని హాస్టలు ఖర్చు చూశావా? నా జీతం ఏడాది పొడుగునా పోసినా నిండదు."

"స్కాలర్‌షిప్ వస్తుంది!"

"రాకపోతే?"

"అమ్మా, నాకు బస్సు టైమైంది," అంటూ పిడుగు చెప్పులు వేసుకుంది. బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.

స్కూల్లో టీచర్ కూడా వదల్లేదు. మధ్యాహ్నం విరామంలో పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "నచ్చని కాలేజీ రాయమని నేనననమ్మా. కాళ్ళ దగ్గరున్నదైనా సంతోషంగా వెళ్ళగలిగేదే రాయాలి. నీకది ఎందుకు వద్దో ఒక్క ముక్క చెప్పు, నేను మళ్ళీ అడగను."

పిడుగు నోరు తెరిచింది. కిటికీలోంచి ఆటస్థలం కేసి చూస్తూ, "తెలీదు మేడమ్," అంది. ఆ మాట అనగానే ఎవరో చెంప మీద కొట్టినట్టు తలదించుకుంది. ఏడాదిగా ఆమె ఆ మాటకే భయపడుతోంది.

శనివారం ఇల్లంతా ముళ్ళ మీద ఉన్నట్టుంది. నాన్న మామూలు కంటే ఎక్కువ మెత్తగా మాట్లాడాడు. అదే పిడుగుని ఇంకా కాల్చింది. జాబితా మూడుసార్లు తిరగరాసింది. మూడుసార్లూ ఏడు దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం నాన్న అమ్మనడిగి ఒక తెల్లకాగితం తీసుకుని వరండాలో కూర్చుని ఏదో రాసుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున్న అమ్మ బట్టలు నానబెట్టబోతూ జేబులు తడిమింది. నాన్న చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం దొరికింది. చదివింది. తడిచేతులతోనే వరండాలోకి వచ్చింది.

"ఏమండీ, ఇదేమిటి?"

నాన్న తలెత్తి చూసి, చదువుతున్న పత్రిక మడిచాడు.

"'కుటుంబ కారణాల వల్ల నన్ను కెమిస్ట్రీ ల్యాబు నుంచి పాత పరీక్ష పేపర్ల గోడౌనుకి మార్చవలసిందిగా కోరుతున్నాను.' ఏమిటా కుటుంబ కారణాలు? ఈ కుటుంబంలో నేనూ ఉన్నానుగా, నాకు తెలీకుండా?"

"అక్కడ పని తక్కువ," అన్నాడాయన.

"పని తక్కువ, ఎలకలెక్కువ! దుమ్ము తగిలితే మీకు వారం రోజులు ఆయాసం. తెలిసి తెలిసి వెళ్ళి బూజులో కూర్చుంటారా?"

"నెమ్మదిగా మాట్లాడు. పిల్ల వింటుంది."

పిల్ల గుమ్మంలోనే ఉంది. ఆయన చూడలేదు.

"అది ఆ కాలేజీ రాయనిది నా వల్లేనే," అన్నాడు నాన్న గొంతు తగ్గించి. "తోటిపిల్లల ముందు తండ్రి గాజు సామాను కడుగుతూ, అందరి పిలుపుకీ పరిగెత్తుతూ ఉంటే ఏ పిల్లకి బాగుంటుంది? నేను కంటికి కనపడకపోతే సరి. నేను ఎక్కడ పనిచేసినా సగం ఫీజే తీసుకుంటారు, కనుక్కున్నాను. రేపు ఇచ్చేస్తాను ఈ కాగితం."

అమ్మ వెనక్కి తిరిగింది. పిడుగు కనపడింది.

"విన్నావా? చల్లగా ఉందా కడుపులో? ఆ చేతులు కడిగిన గాజు సామానుతోనే నువ్వింత దానివయ్యావు. ఆ చేతులంటే సిగ్గా నీకు?"

"సిగ్గు కాదు!" పిడుగు అరిచింది. నానమ్మ మంచం మీంచి లేచి వచ్చింది.

"మరేమిటే? నోరు విప్పి చెప్పవేం?" అంది అమ్మ.

"కిందటేడు మా క్లాసు వాళ్ళందరం ఆ కాలేజీకి సైన్సు ప్రదర్శన చూడ్డానికెళ్ళాం. ల్యాబు బయట నడవాలో నుంచున్నాం. లోపల ఒక కుర్ర లెక్చరరు నాన్నని తిడుతున్నాడు. ఏదో గాజు గొట్టం పగిలిందట. 'బుర్ర ఉందా నీకు' అన్నాడు, అందరి ముందూ. నాన్న 'తప్పయిపోయిందండీ' అన్నాడు. నేను స్తంభం వెనక్కి వెళ్ళిపోయాను." ఆమె చూపు గడప మీదకి దిగింది. "నా పక్కనున్న అమ్మాయి అడిగింది. 'పాపం, ఎవరే ఆయన?' అని. నేను... నేను తెలీదన్నాను."

పిడుగు గుమ్మం పట్టుకుని మళ్ళీ అందుకుంది.

"రోజూ ఆ నడవాలోంచే నడవాలి. నాన్నని చూసినప్పుడల్లా నేనన్న మాటే వినపడుతుంది. అందుకే రాయలేదు. నాన్నంటే సిగ్గు కాదమ్మా. నేనంటేనే నాకు సిగ్గు."

అమ్మ చేతిలోని కాగితం తడికి మెత్తబడిపోయింది. నాన్న ఇంకో కుర్చీ పక్కకి లాక్కుని, "ఇలా వచ్చి కూర్చో," అన్నాడు.

పిడుగు కుర్చీలో కాదు, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నువ్వేమన్నావో నాకు వినపడలేదు. కానీ స్తంభం వెనకున్నావని తెలుసు. నీ నీలం సంచీ కనపడింది."

పిడుగు తలెత్తింది.

"ఆ గొట్టం పగలగొట్టింది ఆయన క్లాసు పిల్లలే. మామూలుగా అయితే నేనూరుకోను. ఎవరేం పగలగొట్టారో రాసే రిజిస్టరు తెచ్చి ముందు పెట్టేవాణ్ణి. అంతకుముందు రెండుసార్లు పెట్టాను కూడా. కానీ ఆ రోజు నువ్వు చూస్తున్నావు. నేను వాదిస్తే ఆయనింకా అరుస్తాడు, నువ్వింకా వినాలి. తొందరగా ముగిసిపోతే చాలనుకున్నాను. అందుకే తప్పయిపోయిందన్నాను." ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు. "అది నీకు ఇంత గుచ్చుకుంటుందని అనుకోలేదమ్మా. వాదించినా బాగుండేది."

పిడుగు ఆయన మోకాళ్ళలో మొహం దాచుకుని ఏడ్చింది. పుట్టిన రోజున ఏడ్చినట్టు కాదు, చప్పుడు లేకుండా. అమ్మ ఆ ఉత్తరాన్ని సబ్బునీళ్ళ బకెట్లో వేసి చేత్తో నొక్కేసింది.

"మంచి పని చేశావు," అంది నానమ్మ. "రాత కూడా ఏం బాగాలేదులే అందులో."

మధ్యాహ్నం నలుగురూ బల్ల చుట్టూ చేరారు. అమ్మ తమ ఇద్దరి జీతాలూ, తప్పని ఖర్చులూ దాపరికం లేకుండా చెప్పింది. ఏడాదికి ఎంత వరకు మోయగలరో ఒక అంకె వేసి, "దీనికి మించితే అప్పు. అప్పు చెయ్యనని కాదు, తెలిసి చేద్దాం," అంది. పిడుగు ఆ అంకె మొదటిసారి విన్నది. ఇన్నాళ్ళూ తనే భయపడి అడగలేదు.

నాన్న జాబితా అందుకున్నాడు. రెండో పేరు మీద వేలు పెట్టి, "ఇది తీసెయ్," అన్నాడు.

"అది చాలా పెద్ద పేరు నాన్నా!"

"పేరు పెద్దదే. ప్రాక్టికల్ పరీక్షలొస్తే గాజు సామాను మా దగ్గర అరువు తీసుకెళ్తారు. మూడేళ్ళుగా నేనే లెక్కపెట్టి ఇస్తున్నాను. ఇదిగో, ఈ ఐదోది ఉంచు. అక్కడి అటెండరు నాకు తెలుసు. అక్కడ పిల్లలు నిజంగా చేతులతో చేస్తారట. స్కాలర్‌షిప్‌లు కూడా మాట ప్రకారం ఇస్తారట."

పిడుగు నోరు తెరుచుకుని చూసింది. రెండు వారాలు ఫోనులో కళ్ళు కాయలు కాచేలా వెతికింది. పందొమ్మిదేళ్ళు కాలేజీలో బతికిన మనిషి పక్కగదిలోనే ఉన్నాడు. ఒక్కసారి కూడా అడగలేదు. సాయంత్రానికి మునివేళ్ళవి మూడు మిగిలాయి, మధ్యలోవి మూడయ్యాయి, కాళ్ళ దగ్గరది కొత్తగా ఒకటి చేరింది. ఆమె ఎనిమిదో గడిలో రాయబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"నా మీద జాలితో రాయకు. రేపు పొద్దున్నే వచ్చి చూడు. నచ్చితే రాయి, లేకపోతే మానెయ్."

సోమవారం ఎనిమిదింటికి ఇద్దరూ స్కూటరు మీద వెళ్ళారు. ఆ నడవాలో అడుగుపెట్టగానే పిడుగు చూపు ఆ స్తంభం మీద పడింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది. ల్యాబులో ఘాటైన వాసన. రోజూ నాన్న చొక్కాతో ఇంటికొచ్చే వాసనే అది. అరల్లో వందల సీసాలు, అన్నిటి మీదా గుండ్రటి అక్షరాలు, నాన్న చేతిరాత. ప్రయోగం చేస్తున్న ఒక విద్యార్థిని, "అంకుల్, నాకు రంగు ముదిరిపోతోంది," అంటూ పిలిచింది. నాన్న వెళ్ళి చూసి, "తొందరెక్కువైంది తల్లీ. చుక్క చుక్కగా వెయ్యి, వేసినప్పుడల్లా కలుపు," అన్నాడు. ఆ అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టి అలాగే చేసింది. గాజుబుడ్డిలో నీళ్ళు లేత గులాబీ రంగు తిరిగాయి. నాన్న తల పంకించి సింకు దగ్గరికి వెళ్ళాడు. పిడుగు ఆయన్ని ఇంట్లో ఎప్పుడూ అంత తాపీగా చూడలేదు.

తలుపు తోసుకుని ఆ కుర్ర లెక్చరరు వచ్చాడు. పిడుగుని చూసి ఆగాడు. "ఎవరీ అమ్మాయి? స్కూలు పిల్లని ల్యాబులోకి ఎవరు రానిచ్చారు?"

నాన్న కుళాయి దగ్గర నుంచి తిరిగి ఏదో సర్దిచెప్పబోయాడు. అంతకంటే ముందే పిడుగు ఒక అడుగు ముందుకు వేసింది.

"వీరు మా నాన్నగారండీ. నేను వచ్చే ఏడాది కెమిస్ట్రీ చదువుదామనుకుంటున్నాను. ఇక్కడ దరఖాస్తు చెయ్యనా వద్దా అని చూడ్డానికొచ్చాను."

మాట గట్టిగానే వచ్చింది. ల్యాబులో ఉన్నవాళ్ళందరూ తలలెత్తారు.

"ఓహో," అన్నాడు లెక్చరరు. అటూ ఇటూ చూసి, "మార్కులెన్నొస్తాయి?" అన్నాడు. ఆమె చెప్పింది. "ఫరవాలేదు. దరఖాస్తు చెయ్యి," అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

నాన్న సింకు వైపు తిరిగి కడిగిన గాజుబుడ్డినే మళ్ళీ కడుగుతున్నాడు. పిడుగు పక్కకి వెళ్ళి చూస్తే ఆయన కళ్ళ నిండా నీళ్ళు. ముంజేత్తో తుడుచుకోబోయాడు, చేతులు మందునీళ్ళతో తడిగా ఉన్నాయని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ల్యాబులో తడిచేతులతో కళ్ళు ముట్టుకోకూడదమ్మా," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

పిడుగు సంచీలోంచి రుమాలు తీసి, అందరూ చూస్తుండగా నాన్న కళ్ళు తుడిచింది.