ఆరున్నొకటి

పెనుకొండ కాలేజీ వార్షికోత్సవంలో రామాంజినేయులు గిటారు మీద సోలో అందుకోగానే జనం చప్పట్లతో తాళం పట్టారు. వెనక డ్రమ్ము ఏడు దెబ్బల వరుసలో సాగుతోంది. నాలుగుకు అలవాటుపడిన చేతులు కాసేపటికే దారి తప్పి ఆగిపోయాయి. ముందు వరుసలో ఒక్క అమ్మాయి చెయ్యి మాత్రం ఆగలేదు. ఆమె నవ్వుతోంది.

ఆ నవ్వు అతన్ని గుచ్చింది. హిందూపురం నుంచి బెంగళూరుకు పోయి తెచ్చుకున్న బేసి తాళాల ప్రోగ్రెసివ్ రాక్ రికార్డులను అరిగేదాకా విని కూర్చుకున్న పాట అది.

"ఏం చూసి నవ్వినావు?" అన్నాడు, వేదిక దిగి.

"డ్రమ్ము ఏడులో పోతాండాది, నీ గిటారు నాలుగులో పోతాండాది. రెండూ యాడ కలుస్తాయో నీకన్నా తెలుసునా అని."

"ఇరవై ఎనిమిది దెబ్బలకు."

"మరి ఆడికి ముందే ఉరికితివే! మా యింట్లో ఏడు అనరప్పా, ఏడుపొస్తాదని. ఆరున్నొకటి అంటారు. ఆరు ఎవరైనా కొడతారు. ఆ ఒకటి కోసం నిలబడల్ల."

ఆమె పేరు లేపాక్షమ్మ. ధర్మవరం డోలు విద్వాంసుడు పోతులయ్య కూతురు.

రోజూ ఎదురెదురు దిక్కుల నుంచి వచ్చే రెండు ప్యాసింజరు రైళ్లు వాళ్లను పెనుకొండలో దించేవి. కలిసి నడవడమంటే ఒకే అడుగు వేయడమేనా? ఎవరి నడక వాళ్లు నడుస్తూ, కలిసే చోటును మాత్రం మరవకపోవడం కాదా? ఈ ప్రశ్న అతన్ని చాలాకాలం వదలలేదు. జవాబు దొరికిందనిపించిన నాడు ఆమెతో మనసు విప్పి చెప్పాడు.

"మా నాయనతో చెప్పు," అంది ఆమె. "తాళం తప్పేవానికి పిల్లనియ్యడు."

ధర్మవరంలో, గిటారుతో వచ్చిన రామాంజినేయులు ఎదుట పోతులయ్య డోలు ఒళ్లోకి తీసుకున్నాడు. "నన్ను ఎంతలో వాయించమంటావు నాయనా?"

"ఏడులో."

అన్నాక గుర్తొచ్చింది. అప్పటికే పోతులయ్య తల్లి హనుమమ్మ అవ్వ చెవులు మూసుకుంది. "శుభమా అని సంబంధానికొచ్చి, ఆ మాట అంటాడేమే వీడు!"

గడప అవతల లేపాక్షమ్మ తల వంచుకుంది.

"కానియ్యి," అన్నాడు పోతులయ్య.

డోలు ఏడులో, గిటారు నాలుగులో బయలుదేరాయి. కొంతదూరం పోయాక పోతులయ్య ఉన్నట్టుండి చేతులు పైకెత్తేశాడు. ఆధారం పోయింది. వెనకటి రామాంజినేయులైతే ఉరికేవాడే. ఇప్పుడు కళ్లు మూసుకున్నాడు. వినపడని దెబ్బలను నమ్మాడు. ఆరు. ఒకటి కోసం నిలబడ్డాడు. అతని చివరి స్వరం, తలుపు చెక్క మీద లేపాక్షమ్మ అరచెయ్యి ఒక్కసారే పడ్డాయి.



"నేను నిలిపినా మీరిద్దరూ నిలపలేదే," అన్నాడు పోతులయ్య.

"అయితే ముహూర్తం ఎప్పుడురా?" అంది అవ్వ.

ఆయన లేచి గోడ మీది క్యాలెండర్ తిప్పాడు. "వచ్చే నెల..." వేలు ఒక అంకె మీద ఆగింది. తల్లి వైపు చూసి, ఆ అంకెను పైకి అనలేక నిలబడిపోయాడు.

"ఆరున్నొకటో తేదీ, అవ్వా," అన్నాడు రామాంజినేయులు.

ఒక్క దెబ్బంత నిశ్శబ్దం. ఆ తర్వాత, గడప అవతలి నుంచి, నవ్వు.